ఆయన సంతకం లేకుండా

“మీవారిని తీసుకురమ్మన్నానా లేదా?” కౌంటర్‌లో గుమస్తా తలెత్తకుండానే అన్నాడు.

“ఆయన రారండీ. విడాకుల కేసు నడుస్తోంది,” అంది ఆ అమ్మాయి. ఇదే మాట పక్క కౌంటర్‌లోనూ చెప్పింది, మేడమీదా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వెనక వరసలోవాళ్లు మెడలు చాచి చూశారు.

స్కూలు బస్సు నడుపుతుంది ఆ అమ్మాయి. పెళ్లయిన కొత్తలో తన పేర జీవిత బీమా తీసుకుని, నామినీగా భర్త పేరు రాయించింది. ఆ భర్త ఇప్పుడు మరో ఇంట్లో, మరొకరితో కాపురం ఉంటున్నాడు. వచ్చే సోమవారం ఈమెకు గుండె ఆపరేషన్. జరగరానిది జరిగితే బీమా డబ్బు పసిపిల్లకు కాక, తిన్నగా అతని చేతికే పోతుంది.

“నామినీని మార్చాలంటే ఆయన సంతకం పెట్టాల్సిందే. లేదంటే కోర్టు తీర్పు తెండి.”

అప్పటిదాకా పాపను భుజాన వేసుకుని బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది.

“మీరు కూర్చోండి, మళ్లీ మోకాళ్లు పట్టేస్తాయి,” అంది అమ్మాయి.

“కూర్చుంటే పనవుతుందా?” పెద్దావిడ గుమస్తా వైపు తిరిగింది. “ఏం నాయనా, పొద్దుటినుంచి మమ్మల్ని బంతాట ఆడుకుంటున్నారు! కిందవాళ్లు పైకి పొమ్మంటారు, పైవాళ్లు కిందికి పొమ్మంటారు. రెక్కలు ముక్కలు చేసుకుని సొమ్ము కట్టింది పిల్ల. సంతకం మాత్రం వాడిదా?”

“రూలండీ. అయినా అల్లుడుగారితో ఓసారి మంచిగా మాట్లాడి చూడొచ్చుగా?”

“మాట్లాడలేదనుకున్నావా? బతిమాలాను. తిట్టాను. గడ్డం పట్టుకున్నాను. వాడు...” ఆవిడ పాప వీపు నిమిరింది. ఉన్నట్టుండి కౌంటర్ మీద ఫెడీమని చరిచింది. “వాడి పేరు కొట్టేసేదాకా ఈ గుమ్మం దిగను. తాళం వేసుకుని పోతే పోండి!”

ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. లోపలి గదిలోంచి మేనేజరు పరుగున వచ్చాడు. కాగితాలు చూశాడు. గుమస్తా వైపు కొరకొరా చూశాడు.

“నామినీ సంతకం ఎందుకయ్యా? పాలసీ ఎవరిదో వాళ్లు సంతకం చేస్తే చాలు. నీకు నోరరిగేలా చెప్పాను!”

గుమస్తా లేచి పక్కకు తప్పుకున్నాడు. మేనేజరే కుర్చీ లాక్కుని కూర్చుని, నామినీగా పాప పేరు రాశాడు.

“పాప చిన్నది కదమ్మా. ఈడొచ్చేదాకా తన తరఫున డబ్బు అందుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకరు కావాలి. ఎవరి పేరు రాయమంటారు?”

అమ్మాయి ఆలోచించలేదు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

మేనేజరు నవ్వాడు. “మరింకేం! పాపకు ఏమవుతారు అన్నచోట అమ్మమ్మ అని రాసేస్తున్నాను.”

పెద్దావిడ పాపను ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది.

“అమ్మమ్మ కాదు బాబూ, నాయనమ్మ.”