పదిహేను డిగ్రీలు

"రిపోర్టు ఇస్తూ మళ్ళీ అంత కిందికి వంగి నమస్కరించావేంటి మిజుహో! పాపం, ఆ పెద్దాయన ముఖం పాలిపోయింది. రిపోర్టు కవర్లో పెట్టేది మనమేనని అందరికీ తెలుసు. మన నడుం ఎంత వంగిందో చూసి జబ్బు పసిగట్టేస్తారు. ఎవరికైనా పదిహేను డిగ్రీలే!" అని పోయిన వారం కసిరాను.

"తప్పయింది సగిసాకా గారూ, ఇంకెప్పుడూ చెయ్యను."

నగోయాలోని ఈ ఆసుపత్రి ల్యాబు కౌంటర్లో పందొమ్మిదేళ్ళుగా నేను వంగేది అంతే.

ఈరోజు మాత్రం నా రిపోర్టు కోసం కౌంటరుకి ఇవతల నిలబడ్డాను. డాక్టరు ముందు తప్ప కవరు విప్పకూడదని రోజూ అందరికీ చెప్పేదాన్ని నేనే.

మిజుహో రెండు చేతులతో కవరు అందించి వంగింది. కొలిచినట్టు పదిహేను డిగ్రీలే. హమ్మయ్య అనుకున్నాను.

కానీ తల ఎత్తడం లేదు.