డిగ్రీ చదివిన తల్లి

"ఎవరడిగినా డిగ్రీ అని చెప్పు," అన్నాడు రవికిరణ్ ట్రామ్ దిగుతూ.

"అబద్ధమెందుకు బావా?"

"మా ఆఫీసులో చెప్పారు. సీటు ఇచ్చేముందు తల్లి చదువు కూడా చూస్తారంట."

వైశాలి ట్రామ్ మెట్టు మీదే ఆగిపోయింది.

ఆమె చదువు పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల దగ్గరే ఆగింది. అమ్మ మంచాన పడితే, ఇద్దరు తమ్ముళ్లకి వండిపెట్టడానికి బడి మానేసింది. మేనత్త కొడుకు కాబట్టి రవికిరణ్ అదేమీ పట్టించుకోకుండా చేసుకున్నాడు. జర్మనీలోని హానోవర్ దాకా తీసుకొచ్చాడు.

కానీ ఈ దేశంలో నాలుగో తరగతి అయ్యేసరికే పిల్లల దారులు వేరైపోతాయి. పెద్ద చదువులకి వెళ్లేవాళ్లు గిమ్నాజియంకి, మిగతావాళ్లు వేరే బళ్లకి.

కూతురు మనోజ్ఞ క్లాసు టీచరు మొన్న ఒక్క మాట అడిగింది. "ఇంట్లో పిల్ల చదువు చూసేవాళ్లున్నారా?"

అప్పట్నుంచి వైశాలికి అన్నం సహించడం లేదు. తన చదువు తక్కువని పిల్లకి సీటు రాకపోతే?

ఆ రోజు గిమ్నాజియం తలుపులన్నీ తెరిచిపెట్టారు, వచ్చి చూసుకోమని. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో గది. ఒకచోట లాటిన్, ఒకచోట రోబోలు. ఇంకోచోట ఎవరైనా తీసి వాయించుకోవచ్చని వాయిద్యాలు పరిచారు. తొమ్మిదో తరగతిలో ఫ్రాన్స్ తీసుకెళ్తారంట, గోడ నిండా ఫొటోలు.

"అమ్మా, ఇవన్నీ నాకా?"

"ముందు సీటు రానీవే."

రవికిరణ్ ప్రిన్సిపాల్ గది ముందు వరసలో నిలబడ్డాడు. తల్లీకూతుళ్లు కెమిస్ట్రీ గదిలోకి వెళ్లారు.

అక్కడ పెద్ద క్లాసు అమ్మాయి ఒకతి గాజు పాత్రలో ఊదారంగు క్యాబేజీ రసం పోసి, నిమ్మకాయ కోస్తోంది.

వైశాలి కూతురి చెవిలో చెప్పింది. "నిమ్మరసం పడగానే ఎర్రబడుతుంది చూడు. వంటసోడా వేస్తే మళ్లీ రంగు మారుతుంది. మేం మందారపూలతో చేసేవాళ్లం."

మనోజ్ఞ ఊరుకుంటుందా? జర్మన్‌లో గట్టిగా అరిచి చెప్పేసింది.

గది వెనక నుంచి ఒక ముసలావిడ లేచి వచ్చింది. మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, చేతిలో నోటు పుస్తకం. పిల్ల వైపు కాదు, సూటిగా వైశాలి వైపే వచ్చింది.

"నీకెలా తెలుసని అడుగుతోందమ్మా," అంది మనోజ్ఞ.

వైశాలి సిగ్గుపడి నవ్వింది.

"ఎంతవరకు చదివావని అడుగుతోంది."

నవ్వు ఆగిపోయింది.

ముసలావిడ పెన్ను మూత తీసి, పుస్తకంలో కొత్త గీత దగ్గర పెట్టింది.

"డిగ్రీ అని చెప్పు. కెమిస్ట్రీ."

"నువ్వు డిగ్రీనా?"

"చెప్పమన్నది చెప్పవే!"

మనోజ్ఞ చెప్పింది. ముసలావిడ మొహం వాడిపోయింది. మళ్లీ ఏదో అడిగింది.

"నిజంగానా అంటోంది."

"ముసలిదానికి ఎంత అనుమానం! నిజమేనని చెప్పు."

ఆవిడ నెమ్మదిగా పెన్ను మూత పెట్టేసింది. "షాదె," అంది.

"అంటే?"

"అయ్యో, అని."

వెళ్లబోతూ వైశాలి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. వైశాలి చెయ్యి లాక్కుని, పిల్లని ఈడ్చుకుంటూ బయటికి వచ్చేసింది.

"కనిపెట్టేసింది బావా. నా పేరు రాసుకోలేదు కూడా."

"నీదంతా భయమే," అన్నాడు రవికిరణ్. అతని మొహంలోనూ రక్తం లేదు.

మే నెలలో సీటు వచ్చింది.

"చూశావా, నీ డిగ్రీ పనిచేసింది!" అని రవికిరణ్ రెండు రోజులు ఏడిపించాడు.

ఆగస్టులో బడి తెరిచిన రోజు, పిల్లని దింపడానికి వైశాలి ఒక్కతే వెళ్లింది.

కెమిస్ట్రీ గది తలుపు పక్కన ఫొటో పెట్టారు. దాని ముందు పూలు.

"అమ్మా, ఆ అవ్వ!"

తల మీద ఓణీ కప్పుకున్న ఒకామె పూలు సర్దుతూ వెనక్కి తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తెలుగువాళ్లా? నా పేరు రఫత్. మాది హైదరాబాద్."

"ఎవరండీ ఆవిడ? సీట్లు ఇచ్చేవారా?"

"సీట్లా? అరే, కాదండీ. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లుల్ని వెతికి పట్టుకునేది. మధ్యాహ్నాలు ఈ గదిలోనే కూర్చోబెట్టి చెప్పేది. ప్రైవేటుగా పరీక్ష కట్టించేది. నా చదువు ఎనిమిదో తరగతే. ఇవాళ బ్రెమెన్‌లో ల్యాబులో చేస్తున్నానంటే ఆవిడ పుణ్యం."

వైశాలి గోడకి ఆనుకుంది.

"ఆఖర్న ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది నాకు. మీ దేశం అమ్మాయి కనబడింది, భలే బుర్ర, కానీ డిగ్రీ అయిపోయిందట, నాతో ఏం పని అంది. ఈ ఏడు ఒక కుర్చీ ఖాళీగానే పోయింది."

మనోజ్ఞ తల్లి మొహంలోకి చూసింది. తల్లి చేతిలో చెయ్యి పెట్టింది.

"మరి ఇప్పుడా క్లాసు?"

"ఇంకెక్కడి క్లాసండీ. ఆవిడతోనే పోయింది."

లోపల గంట మోగింది. పిల్లలు పరుగులు పెడుతున్నారు.

వైశాలి ఫొటో వైపు చూస్తూ అడిగింది. "పెద్ద ప్రొఫెసరుగారా ఆవిడ?"

"లేదండీ," అంది రఫత్, "ఇద్దరు పిల్లలు పుట్టాక ఈ గదిలో గాజుసామాన్లు కడిగే పనికి చేరి, నలభై ఏళ్లొచ్చాక పది పాసైన మనిషి."