తల ఎత్తకూడదు

చిన్న చప్పుడైనా కెరెన్ మనసు చదువు మీద నిలిచేది కాదు. అందుకే మెడికల్ ఎంట్రెన్స్ దగ్గర పడుతుండగా, ఆమె తండ్రి సాలొమోను మయూర్ విహార్‌లోని తమ ఫ్లాట్‌లో ఒక ఆట మొదలుపెట్టాడు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే కూతురి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, పాత ప్రశ్నపత్రం ఇచ్చేవాడు. తల్లి ఆస్పత్రిలో నర్సు, ఆదివారాలూ డ్యూటీయే. కెరెన్ రాస్తుంటే ఆయన పక్క గదిలోంచి ఓరగా చూస్తూ పిలిచేవాడు. ఆమె తల ఎత్తితే అంట్లు ఆమె తోమాలి, ఎత్తకపోతే ఆయన తోమాలి.

“కెరెన్! బాల్కనీలో కోతి! నీ చున్నీ పట్టుకుపోతోంది!”

కెరెన్ చటుక్కున తల ఎత్తేసేది. “పాపా, యే చీటింగ్ హై!”

“పరీక్ష హాల్లోకి కోతి రాదని నీకెవరైనా రాసిచ్చారా తల్లీ? నేనే పిలిచినా సరే, తల ఎత్తకు.”

పరీక్షకు ముందు ఆదివారం కూడా పిలిచాడు. “కెరెన్... ఒక్కసారి రామ్మా.”

ఆమె నవ్వుకుంది. పెన్సిల్ ఆపలేదు.

“మంచినీళ్లు, తల్లీ...”

ఈసారి గొంతు భలే మార్చాడనుకుంది. ఆ తర్వాత పిలుపు రాలేదు.

ఆఖరి జవాబు కూడా పెట్టి, “హార్ గయే పాపా! ఓడిపోయారు, ఈ రోజు అంట్లు మీవే!” అంటూ పక్క గదిలోకి పరుగెత్తింది.

సాలొమోను మంచం పక్కన నేల మీద ఒరిగిపోయి ఉన్నాడు. చెయ్యి అప్పటికే చల్లబడింది.

పరీక్ష హాల్లో ఆమెను ఎవరూ పిలవలేదు. కెరెన్ మాత్రం మాటిమాటికీ తల ఎత్తి తలుపు వైపే చూసింది.