సగం పూట సలహా

గాలివానకి చింతచెట్టు కూలి, ఉడుత తొర్రలో దాచుకున్న గింజలన్నీ కొట్టుకుపోయాయి. ఆకలికి ఆగలేక పందికొక్కు దగ్గర పది వేరుశనగకాయలు అప్పు తెచ్చుకుంది. వడ్డీ రోజుకో కాయ. నలభై రోజులు కట్టినా అసలు పదీ అలాగే ఉన్నాయి.

నెమలి ఒక కేంద్రం పెట్టి ఉచితంగా ఆర్థిక సలహాలిస్తుందని విని ఉడుత అక్కడికి వెళ్లింది. నెమలి పురి విప్పి, "రోజుకి ఎన్ని పూటలు తింటావమ్మా?" అని అడిగింది.

"ఒక్క పూటండి."

"అదే మరి దుబారా అంటే! సగం పూట తిని, మిగతా సగం పొదుపు చెయ్యి."

"ఆ వడ్డీ సంగతి మీరొకసారి పందికొక్కుతో మాట్లాడతారా అండీ?"

"అబ్బే, మా పని సలహా వరకే. పైగా ఈ కేంద్రానికి చందా ఇచ్చేది ఆయనే."

ఉడుత రెండు రోజులు సగం పూటే తిని, మూడోరోజు దారిలో తూలి పడిపోయింది. అటుగా వచ్చిన కాకి సంగతంతా కనుక్కుని, "పద, నేనొస్తా" అంది.

పందికొక్కు కలుగు ముందు నిలబడి, "పది ఇచ్చి నలభై తిన్నావు, ఇంకా ఏం కావాలిరా నీకు?" అని ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకి అడవిలో కాకులన్నీ వచ్చి వాలాయి. పందికొక్కు మూతి కూడా బయటపెట్టకుండా, "అప్పు తీరిపోయింది, వెళ్లండి" అంది.

వారం తిరక్కుండా నెమలి సభ పెట్టింది. "మన సలహాతో బాగుపడిన ఉడుత" అని శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమంది.

"నెమలిగారు చెప్పినట్టే సగం పూట తిన్నానండి," అంది ఉడుత. "దాంతో నోరు పెగల్లేదు. అందుకే నా తరఫున కాకి మాట్లాడింది."