సాక్ష్యంలో సవరణ

మార్చి 12. నిన్న బిల్లు కమిటీలో నువ్వు అడిగినదానికి జవాబు బాకీ ఉన్నాను. అందుకే ఈ కార్డు.

సెక్స్ వర్క్‌ను చట్టబద్ధం చేసినా ఇరవై ఒకటి నిండనివాళ్లకు అనుమతి వద్దన్నాను. "వాళ్లను ఇంట్లోవాళ్లు కాపాడుకోవాలి" అన్నాను.

సాక్షుల్లోంచి నువ్వు లేచావు. "మా ఇంటి తలుపు ఎప్పుడైనా కొట్టి చూశారా, మేడమ్? పంతొమ్మిదేళ్లప్పుడు పది నిమిషాలు ఆలస్యమైందని మా అమ్మమ్మ తియ్యనే లేదు. ఈ పనే కూడు పెట్టింది. ఇదీ వద్దంటే ఎక్కడికి పోవాలి?"

నా ముఖం చూస్తూనే అడిగావు.

ఇక జరగవలసినవి:

1. వయసు మీద నా మాట మారదు. 'ఇంట్లోవాళ్లు' అన్న మాట మాత్రం కమిటీ నివేదికలోంచి కొట్టేయిస్తాను.

2. ఇల్లు లేని పిల్లలకు ప్రభుత్వమే నీడ ఇవ్వాలని చేర్పిస్తాను.

3. నీ సాక్ష్యంలో ఒక తప్పు దిద్దించాలి. ఆరోజు నీకు ఆలస్యమైంది నాలుగు నిమిషాలే. నువ్వు తలుపు కొడుతున్నంతసేపూ లోపల గడియారం చూస్తూ నిలబడ్డాను.