ప్లేటు కిందది ఎవరిది?

"చెయ్యి తియ్!"

కొత్తమ్మాయి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. కిటికీ పక్కనున్న పెద్ద బల్ల మీద, కేకు ప్లేటు కింద నుంచి తొంగిచూస్తున్న రెండు బిళ్ళలూ కళ్ళు మూసి తెరిచేలోగా ఓనరు జేబులోకి దూరిపోయాయి.

"సార్, అది నా బల్ల మీద టిప్పు."

"నీ బల్లా? ఎప్పుడు కొన్నావు?" ఓనరు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బల్ల నాది. ప్లేటు నాది. ప్లేటు కిందది మాత్రం నీదెలా అవుతుందమ్మా?"

"పనిలో చేరేటప్పుడు మీరే అన్నారు కదండీ, జీతం తక్కువైనా టిప్పులు దండిగా వస్తాయని!"

"వస్తాయన్నాను. నీకొస్తాయన్నానా?"

ఆ ముక్క అని, తన తెలివికి తానే మురిసిపోతూ, ఓనరు ఎంగిలి ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. కేకు మీది క్రీము మోచేతి దాకా పూసుకుని కడిగే గదివైపు నడిచాడు. ఆయన పెట్టిన పద్ధతే అది. ప్లేటు కింద చిల్లర కనబడ్డ బల్లని పనివాళ్ళెవరూ ముట్టుకోకూడదు. ప్లేట్లు తీసేదీ, బల్ల తుడిచేదీ, కింద రాలినవి ఎత్తేదీ అన్నీ ఆయనే. వచ్చేవాళ్ళ చెయ్యి మంచిదో ఏమో, ఆ హోటల్లో ఈ మధ్య చిల్లర లేని బల్లంటూ ఉండటం లేదు. దాంతో పాపం ఆయనకి కూర్చునే యోగం కూడా లేకుండా పోయింది. సంగతి తెలియని కస్టమర్లు, "ఓనరై ఉండి ఎంగిలి తీస్తున్నాడు, ఎంత నిగర్వి!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు.

కొత్తమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఓనరు లాక్కున్నది ఒక బాధ, లాక్కున్నది రెండే రెండు బిళ్ళలు కావడం ఇంకో బాధ. పుట్టినరోజు పార్టీ అది. చంటాడు ఒంటి మీద పళ్ళరసం ఒలకబోస్తే నవ్వింది. కేకు కోస్తుంటే గొంతెత్తి పాట పాడింది. అంత చాకిరీకి ఇంతేనా? కూతురి బడి బూట్లలోంచి బొటనవేలు బయటికొచ్చి వారమైంది. ఈ బల్ల మీదే ఆశ పెట్టుకుంది.

అటు చూస్తే బాబాయ్ గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని, వెళ్ళేవాళ్ళందరికీ వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. నెరిసిన మీసాల బాబాయ్ అక్కడ అందరికంటే పాత వెయిటరు. బిల్లులు ఇవ్వడం కాక ఆయన చేసే పనులు రెండే. కస్టమర్లు లేవగానే బల్ల దగ్గరికెళ్ళి ఉప్పు సీసా సర్దడం, ఆ తర్వాత పరుగున పోయి తలుపు తియ్యడం.

ఆయన వంటగదిలోకి రాగానే పట్టుకుంది. "ఇన్నాళ్ళుగా ఎలా భరిస్తున్నారు బాబాయ్? మన కష్టమంతా ఆయనే మింగేస్తుంటే!"

"పోనీలే తల్లీ. ఆయన మాత్రం ఏం మోసుకుపోతాడు?"

"ప్లేట్లు!" అన్నాడు వంటమాస్టర్ పొయ్యి దగ్గర నుంచి, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది. ఇందులో నవ్వడానికేముంది? అంతలో బాబాయ్ హాల్లోకి తొంగిచూసి, "సార్, మూల బల్లవాళ్ళు వెళ్ళిపోయారండీ!" అని కేకేశాడు. ఓనరు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చి, బిళ్ళ జేబులో వేసుకుని, మోకాళ్ళ మీద కూలబడి బల్ల కింద ఒలికిన సూపు తుడవసాగాడు.

దొంగకి దారి చూపించడమే కాకుండా కాకా కూడానా! ఆమె ఏప్రాన్ విప్పి స్టూలు మీదకి విసిరేసింది.

"నేను రేపట్నుంచి రాను. మీరూ మీ ఓనరూ ఊరేగండి."

బాబాయ్ మొహంలో నవ్వు పోయింది. హాల్లోకి ఒకసారి చూసి, ఆమెని ఫ్రిజ్ చాటుకి పిలిచాడు. మేజోడులోంచి మడతపెట్టిన నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పుట్టినరోజు చేసుకున్న నీ బల్లవాళ్ళదమ్మా ఇది. గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్ళారు. మామూలుగా అయితే పని దిగాక అందరం పంచుకుంటాం. ఇది మాత్రం పాట పాడినమ్మాయికే ఇమ్మన్నారు."

ఆమె నోటు విప్పి చూసుకుంది. పిల్లకి బూట్లు రావడమే కాదు, మేజోళ్ళు కూడా వస్తాయి. కళ్ళు చెమర్చాయి.

"గుమ్మం దగ్గరా? ఓనరు చూడలేదా?"

"బల్ల కింద దూరినవాడికి గుమ్మం ఎక్కడ కనిపిస్తుంది తల్లీ? లోపల పెడితే పనివాళ్ళకి చేరదు, తలుపు దగ్గర ఇవ్వండని బిల్లు ఇచ్చేటప్పుడే అందరి చెవినా వేస్తాను."

కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆగింది.

"మరి ఇంత ఇచ్చినవాళ్ళు, ప్లేటు కింద ఆ రెండు బిళ్ళలూ ఎందుకు పెట్టారు?"

హాల్లో ఓనరు మూలుగుతూ ఇంకో బల్ల దగ్గరికి నడుస్తున్నాడు. బాబాయ్ ఆమె ఏప్రాన్ తెచ్చి చేతికిచ్చాడు.

"వాళ్ళెక్కడ పెట్టారమ్మా, నేనే పెట్టాను. పెట్టకపోతే ఈ బల్లలన్నీ మనం తుడవొద్దూ?"