ఈత నిక్కరు

"ఇంతకన్నా పొడుగువి లేవా బాబూ?" అంది భార్య.

"ఉన్నాయమ్మా. పక్క వరుసలో. వాటిని ప్యాంట్లంటారు," అన్నాడు సేల్స్‌మన్.

ఆవిడకు నవ్వు రాలేదు. ఆటసామాన్ల దుకాణంలో స్టూలు మీద కూర్చున్న భర్త నల్లటి ఈత నిక్కరును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ముఖం, మెడ ఎండకు కమిలి ఉన్నాయి. పని నుంచి తిన్నగా ఇటే వచ్చినట్టున్నాడు, భుజాలు జారిపోయి ఉన్నాయి.

"సార్‌కి ఈత వచ్చా?"

"రాదు," అన్నాడు భర్త. "నేర్చుకోవాలి. బడులకు సెలవులిచ్చేలోగా కొలనులో ఆ చివర నుంచి ఈ చివరదాకా ఆగకుండా ఈదాలి."

"అంత తొందరేంటి సార్? మనవలతో పందెం కాశారా?"

"ప్రాణం మీదికొస్తే పందెమంటావేంటి నాయనా!" అంది భార్య. "మొన్న ఆదివారం గండం తప్పింది. కాళ్లూ చేతులూ ఆడలేదట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బిగుసుకుపోయారు. ఎవరో పుణ్యాత్ముడు దగ్గర్లో ఉండబట్టి సరిపోయింది."

సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు.

"అయ్యో. మా మామయ్యకీ ఇంతేనమ్మా. గుండెకి ఈతను మించిన మందు లేదన్నారు. సార్ ఏం చేస్తుంటారు?"

"కూర్చునే పని," అన్నాడు భర్త.

"అదీ సంగతి. కూర్చుని కూర్చునే ఇవన్నీ తెచ్చుకుంటాం."

"ముందు నాలుగు రోజులే అన్నారు," అంది భార్య. "చూస్తుండగా రెండేళ్లయింది. సాయంత్రం ఈయన గుమ్మంలో అడుగుపెట్టేదాకా నా గుండె గుండెల్లో ఉండదు. దణ్ణాలు పెట్టీ పెట్టీ, ఆ దేవుడు 'మళ్లీ వచ్చావా తల్లీ' అంటాడేమోనని భయమేస్తోంది."

"దేవుడు విసుక్కోడమ్మా."

"విసుక్కోడు," అన్నాడు భర్త నెమ్మదిగా. "కానీ మనం చేయాల్సిన పని కూడా ఆయన మీదే వేసి కూర్చుంటే, అది భక్తి అవుతుందా అని."

సేల్స్‌మన్ అరలోంచి ఇంకొన్ని తీశాడు. కౌంటరు మీద నిక్కర్లు పరిచాడు. భార్య అన్నింట్లోకీ వదులుగా, జేబులతో ఉన్నదాన్ని లాగింది.

"ఇది బాగుంది. మర్యాదగా ఉంది."

"అది పనికిరాదు," అన్నాడు భర్త. "నీళ్లలోకి దిగగానే గాలిబుడగలా ఉబ్బుతుంది. జేబుల్లో నీళ్లు నిండి వెనక్కి లాగుతుంది. కాళ్లాడించలేక సగం దూరంలోనే ఆయాసపడిపోతారు."

"అన్నీ తెలుసే సార్‌కి!"

"రోజూ చూస్తుంటాను."

"అయితే ఇది చూడండి." సేల్స్‌మన్ చిన్న నిక్కరొకటి పైకెత్తాడు. భార్య చప్పున అటు తిరిగిపోయింది.

"దాన్ని లోపల పెట్టు నాయనా. అది వేసుకుని ఈయన బయటికొస్తే నేను పుట్టింటికి పోవాలి."

భర్త పెదవుల మీద నవ్వులాంటిది కదిలి పోయింది. చివరికి మోకాళ్లదాకా ఒంటికి అంటుకుని ఉండే రకం ఇద్దరికీ కుదిరింది. సేల్స్‌మన్ దాన్ని సాగదీసి చూపించాడు.

"పాలిస్టరు సార్. కొలనులో క్లోరిన్ మందు కలుపుతారుగా, దానికి తొందరగా పాడవదు. మెత్తగా ఉంటాయని వేరే రకాలు కొంటారు గానీ, రోజూ ఈదేవాళ్లకి అవి మూణ్ణాళ్ల ముచ్చటే. లోపల తాడుంది, ముడి వేసుకోండి. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగానే ఉండాలి. తడిస్తే వదులవుతుంది."

"ఇచ్చెయ్యి," అన్నాడు భర్త. బేరం ఆడలేదు. ఆడే ఓపిక ఇద్దరిలోనూ లేదు.

"కొన్నాళ్లు పనికి సెలవు పెట్టించండమ్మా."

"పెడితే ఆ కుర్చీ ఇంకొకరికిస్తారట. ఇంట్లో ముగ్గురం తినాలి కదా."

సేల్స్‌మన్ తలూపి నిక్కరును సంచిలో పెట్టాడు. "ఎక్కడ నేర్చుకుంటారు సార్?"

"ఊరి చివర కొత్త కొలను ఉందిగా. తెల్లవారగానే రమ్మన్నారు."

"మీ ఇల్లు అటేనా?"

"కాదు. పార్కు వెనక వీధి."

"భలేవారే! పార్కులోనే కొలను పెట్టుకుని ఊరి చివరకెందుకు సార్? అసలే ఒంట్లో బాగాలేని మనిషి."

"అక్కడ కుదరదులే," అంది భార్య గబగబా.

"ఎందుకు కుదరదమ్మా? మా పాప అక్కడే నేర్చుకుంటోంది. ఏడేళ్లది. చేపపిల్లే అనుకోండి. గేటు దగ్గర దింపేసి నేనిటు వచ్చేస్తాను. గట్టు మీద లైఫ్‌గార్డు ఉంటాడు కదా, నాకు బెంగే లేదు."

సంచి అందుకోబోయిన భర్త చెయ్యి అక్కడే ఆగిపోయింది. భార్య ఆయన మోచేయి పట్టుకుంది.

"పదండి. ఇంట్లో పని అలాగే ఉంది."

ఆయన కదల్లేదు.

"బాబూ, రేపటి నుంచి నువ్వు కూడా లోపలికి వెళ్లు. పాప నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీదే నిలబడు. నీకు కుదరకపోతే ఈత వచ్చినవాళ్లని ఎవరినైనా పంపు."

"నేనెందుకు సార్? లైఫ్‌గార్డు ఉన్నాడని చెప్తున్నాగా."

భార్య కళ్లతోనే వద్దని బతిమాలింది. ఆయన ఆమె చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆ లైఫ్‌గార్డుని నేనే."